పరిశోధనకు పనికొచ్చే రసాయనం, రోగికి పనికొచ్చే మందు

మా వైద్య సహాయ విభాగానికి వచ్చే అర్జీలన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. డాక్టరు చీటీ, ఆసుపత్రి ఎస్టిమేటు, రేషన్ కార్డు నకలు. నిరుడు ఒక అబ్బాయి వీటితోపాటు ఫోనులో ఒక ఫొటో కూడా చూపించాడు. చిన్న గాజుసీసా, దాని పక్కన డాలర్లలో ధర. "చాచా, క్యాన్సర్ కణాలను ఇది చంపుతుందట. అమ్మీకి తెప్పించగలరా?" అని అడిగాడు. సీసాలో ఉన్నది 10 మిల్లీగ్రాముల ఎంజీ-132. దాని కిందే సన్నని అక్షరాల్లో ఒక మాట ఉంది: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

దానికి డబ్బు ఇవ్వలేమని చెప్పాం. అయితే ఆ అబ్బాయి విన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఆ సీసాకూ, వాళ్ల అమ్మకు డాక్టరు రాసిన ఇంజక్షనుకూ నిజంగానే చుట్టరికం ఉంది. మీ విరాళంలో కొంత ఇలాంటి మందులకే వెళుతోంది కనుక ఆ సంగతి మీకూ చెప్పాలనుకున్నాం.

మన ఒంట్లోని ప్రతి కణమూ రకరకాల ప్రోటీన్లను తయారు చేస్తుంది. వాటిని విరగ్గొట్టడమూ దాని పనే. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్ ఆ కణంతోపాటు నాలుగు నెలలు ఉంటుంది. కణాన్ని అదుపు తప్పకుండా కాచే పీ53 అనే ప్రోటీన్ మామూలు రోజుల్లో అరగంట కూడా నిలవదు. మరి దేన్ని ఎప్పుడు విరగ్గొట్టాలో కణానికి ఎలా తెలుస్తుంది? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కూల్చాల్సిన గోడల మీద ఎర్రరంగుతో గుర్తు వేసి వెళతారు, చూశారు కదా. కణంలోనూ అలాంటి గుర్తే ఉంది. దాని పేరు యుబిక్విటిన్. అది 76 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రోటీన్. గొలుసులా నాలుగైదు యుబిక్విటిన్లు ఒకదానికొకటి తగులుకున్న ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ అనే పీపాలాంటి యంత్రం లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. గుర్తుగా వేసిన యుబిక్విటిన్ మాత్రం వృథా కాదు, ఊడి వచ్చి మళ్లీ వాడకానికి పనికొస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు సీహనోవర్, హెర్ష్‌కో, రోజ్ అనే ముగ్గురికి 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ గుర్తు తప్పు గోడ మీద పడితే? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో జరిగేది అదే. హెచ్‌పీవీ వైరస్ తెచ్చిన ఈ6 అనే ప్రోటీన్, కాపలాదారైన పీ53 మీదనే కూల్చివేత గుర్తు వేయిస్తుంది. కాపలా పోయాక కణానికి అడ్డు ఉండదు.

ఇలాంటివి కనిపెట్టడానికే ఎంజీ-132 లాంటి రసాయనాలు. పరిశోధనశాలలో గాజుపళ్లెంలో పెంచిన కణాలకు ముందు సైక్లోహెక్సిమైడ్ ఇస్తారు. దాంతో కొత్త ప్రోటీన్ల తయారీ ఆగిపోతుంది. ఆపైన గంట గంటకూ కొన్ని కణాలు తీసి, పాత ప్రోటీన్ ఎంత మిగిలిందో కొలుస్తారు. మరో పళ్లెంలో దానికి ఎంజీ-132 కూడా కలుపుతారు. అది ప్రోటియాసోమ్ నోరు కట్టేస్తుంది. అక్కడ ప్రోటీన్ తరగకుండా నిలిచిందంటే, దాన్ని విరగ్గొడుతున్నది ప్రోటియాసోమే అని తేలుతుంది. సైక్లోహెక్సిమైడ్ విషం. ఎంజీ-132 ఒంట్లోకి వెళితే త్వరగా పాడైపోతుంది, పైగా ప్రోటియాసోమ్‌తో ఆగకుండా వేరే ఎంజైములనూ పట్టుకుంటుంది. పళ్లెంలో కణాలు చనిపోయినంత మాత్రాన అది మందు కాదు. పళ్లెంలో బ్లీచింగ్ పౌడరు వేసినా కణాలు చస్తాయి.

ఎంజీ అన్న పేరు మయోజెనిక్స్ అనే అమెరికా కంపెనీది. హార్వర్డ్‌లో పనిచేసిన ఆల్ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ 1993లో దాన్ని స్థాపించినప్పుడు ఆయన దృష్టి క్యాన్సర్ మీద లేదు. జబ్బుపడిన వాళ్ల కండలు కరిగిపోకుండా ఆపాలన్నది ఆలోచన. వాళ్ల రసాయన శాస్త్రజ్ఞులు ఎంజీ-132లోని బలహీనమైన కొసను తీసేసి అక్కడ బోరాన్ పెట్టి చూశారు. అలా వచ్చిన పదార్థమే బోర్టెజోమిబ్. 2003 మేలో అమెరికా ప్రభుత్వం దాన్ని మల్టిపుల్ మైలోమాకు అనుమతించింది. మైలోమా మూలుగలో పుట్టే క్యాన్సర్. ఆ కణాలు పగలూ రాత్రీ యాంటీబాడీలు తయారుచేస్తూ ఉంటాయి కనుక వాటిలో చెత్తా ఎక్కువే. చెత్తబండి ఆగితే ముందుగా ఊపిరాడనిది వాటికే. మామూలు కణాలకు బొత్తిగా నష్టం లేదని కాదు. అరికాళ్లు, అరచేతుల తిమ్మిరి చాలామందికి వస్తుంది. నరంలోకి కాక చర్మం కింద ఇస్తే ఆ బాధ తక్కువని 2011లో వచ్చిన అధ్యయనం చూపించింది.

ఇంకో మందు కథ ఇంతకన్నా వింత. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చిన తాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్లకు వాడారు. పది వేలకు పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. 1961 నవంబరులో అక్కడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత జెరూసలేంలో కుష్ఠు రోగుల పుండ్ల మీద, 1999 నాటికి మైలోమా మీద అది పనిచేస్తుందని తెలిసింది. ఎందుకు పనిచేస్తుందో మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. 2010లో జపాన్ శాస్త్రజ్ఞులు అది సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుందని చూపారు. సెరెబ్లాన్ ఆ గుర్తులు వేసే బృందంలో ఒకటి. తాలిడోమైడ్, దాని చెల్లెలు లెనాలిడోమైడ్ చేసేదల్లా ఆ బృందం చేతికి వేరే ఇంటి నంబరు ఇవ్వడమే. మైలోమా కణం బతకడానికి కావలసిన ఇకారోస్, అయోలోస్ అనే ప్రోటీన్ల మీద అప్పుడు గుర్తు పడుతుంది. గర్భంలోని బిడ్డ అవయవాలకు అవసరమైన శాల్4 మీదా పడుతుందని 2018లో తేలింది. మేలు చేసిందీ కీడు చేసిందీ ఒకే పని. అందుకే ఈ మాత్రలు ఇంట్లో ఉంటే గర్భిణులు వాటిని తాకకూడదు, మిగిలినవి ఇంకొకరికి ఇవ్వకూడదు. మిగిలిన మాత్రలను మా పెట్టెలో వేసి వెళ్లే దాతలు ఈ ఒక్కటీ గుర్తుంచుకోవాలి.

కావాలనుకున్న ప్రోటీన్ మీదకే గుర్తును మళ్లించే జంట అణువులను 2001 నుంచి అమెరికాలో క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషేయీస్ వంటివారు తయారుచేస్తున్నారు. ఇక లెనాలిడోమైడ్ మన దగ్గర తయారయ్యేదే. హైదరాబాద్ కంపెనీ నాట్కో తయారుచేసినదే 2022 మార్చిలో టెవా ద్వారా అమెరికాలో తొలి జెనరిక్‌గా అమ్మకానికి వెళ్లింది.

ఆ అబ్బాయి తల్లికి బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్ రెండూ రాశారు. బిల్లు మేము నేరుగా ఆసుపత్రి ఫార్మసీకే కట్టాం. ఇంజక్షను పొట్ట చర్మం కిందే ఇస్తున్నారు. నాలుగు కోర్సులు అయ్యాయి, కాళ్ల తిమ్మిరి ఇంకా ఉందట. తిమ్మిరి సంగతి ప్రతిసారీ డాక్టరుకు చెప్పమన్నాం, మోతాదు తగ్గించాలో లేదో ఆయనే చూస్తారు.