అద్దము – అపోహ – ఆరోగ్యము

మనిషికి తన రూపంపై శ్రద్ధ ఉండటం సహజం. పండుగనాడు కొత్తబట్టలు తొడిగి అద్దం చూసుకోనివారు అరుదు. కాని, ఇతరుల కంటికి కనిపించని, కనిపించినా అత్యల్పమైన లోపమొకటి తన ముఖంలోనో శరీరంలోనో ఉన్నదని నమ్మి, గంటల తరబడి ఆ చింతతోనే గడిపి, చదువునూ స్నేహాన్నీ పోగొట్టుకుంటున్నప్పుడు అది అలంకారప్రియత్వం కాదు, వ్యాధి. వైద్యులు దీనిని ‘బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్’ అంటారు. మనం ‘రూపభ్రాంతి’ అనవచ్చును.

ఇటలీ దేశపు మానసిక వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లోనే దీనిని వర్ణించాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1987లో దీనికి నేటి పేరు పెట్టి, 2013లో వదలక వెంటాడే తలంపులు, మళ్ళీమళ్ళీ చేసే పనులు లక్షణాలుగా గల రుగ్మతల వర్గంలో చేర్చింది. అటువంటి తలంపునే ఉర్దూలో ‘వస్వసా’ అంటాము. అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) తన గ్రంథంలో దేహానికివలెనే మనస్సుకూ రుగ్మతలు కలుగునని, వాటికి చికిత్స కలదని చెప్పి, ఈ వస్వసాను వాటిలో ఒకటిగా వివరించాడు. కనుక ఇది మన పెద్దలెరుగని వింత వ్యాధి కాదు.

ఈ రుగ్మత సాధారణంగా 18 ఏళ్ళు నిండకముందే మొదలవుతుంది. స్త్రీపురుష భేదం లేదు. ఒకరికి ముక్కు, ఒకరికి మేనిఛాయ, ఒకరికి జుట్టు, మరొకరికి కండలు చాలవన్న దిగులు. వంశపారంపర్యత, చిన్ననాటి ఎగతాళి, ఆందోళన స్వభావం – ఇవన్నీ దోహదం చేయవచ్చును. రోగి దృష్టి ముఖాన్ని సమగ్రంగా చూడక, ఒక్క చిన్న భాగం మీదనే నిలిచిపోతుందని పరిశోధకులు గమనించారు.

ఆందోళన దీనికి తోబుట్టువు. నలుగురిలోకి వెళ్ళగానే గుండె దడ, చెమట, అందరూ తననే చూస్తున్నారన్న శంక. అందుచేత విద్యార్థి చేతిరుమాలుతో ముఖం కప్పుకుంటాడు, గ్రూపు ఫోటోకు రాడు, “నా ముఖం బాగుందా?” అని తల్లిని పదేపదే అడుగుతాడు. ఈ పనులవల్ల క్షణకాలం ఉపశమనం కలుగును. కాని, దాక్కున్నందువల్లనే గండం గడిచిందని మనస్సు నేర్చుకుంటుంది. మరునాడు భయం రెట్టింపవుతుంది. ఇదే ఈ వ్యాధిలోని చిక్కుముడి. “నీవు అందంగానే ఉన్నావు” అన్న భరోసా గంటసేపైనా నిలువదు. శస్త్రచికిత్సతో ముక్కు మార్చుకున్నా చింత తరచుగా మరొక అవయవం మీదికి మారుతుంది.

చికిత్స ఈ ముడినే విప్పుతుంది. ఆలోచనను, ప్రవర్తనను సరిదిద్దే చికిత్సలో రోగి మెట్లు మెట్లుగా భయాన్ని ఎదుర్కొంటాడు. మొదట గ్రంథాలయంలో పది నిమిషాలు రుమాలు లేకుండా కూర్చుంటాడు, తరువాత క్యాంటీనులో, ఆ తరువాత తరగతిలో ముందు బెంచీ మీద. ఆందోళన పెరిగి, తనంతట తానే తగ్గిపోవడం అతడు అనుభవంతో తెలుసుకుంటాడు. అద్దం తల దువ్వుకోవడానికి, గడ్డం గీసుకోవడానికి మాత్రమే. అవసరమైతే వైద్యులు ఫ్లుఓక్సెటిన్ వంటి మందులు ఇస్తారు. వాటి గుణం తెలియడానికి 12 వారాలు కూడా పట్టవచ్చును. సొంతంగా మానరాదు.

స్వస్థత అంటే తన రూపం హఠాత్తుగా నచ్చడం కాదు. పాత తలంపు వచ్చినా, దానికి లొంగక తరగతికి వెళ్ళగలగడం. పరీక్షల వేళ, పెళ్ళిళ్ళ వేళ వ్యాధి మళ్ళీ తలెత్తవచ్చును. అది ఓటమి కాదు, నేర్చిన పాఠాన్ని తిరిగి అభ్యసించవలసిన సమయం.

సోదర విద్యార్థులారా! రంగును, ఎత్తును, మొటిమలను పట్టి మారుపేర్లు పెట్టకండి. ఈ వ్యాధిగ్రస్తులలో ఆత్మహత్య తలంపులు అధికం. మిత్రుడు ఆ మాట ఎత్తితే అతన్ని ఒంటరిగా వదలక, ఇంటివారికో అధ్యాపకులకో చెప్పి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నెంబరుకు ఫోను చేస్తే రేయింబవళ్ళు ఉచితంగా సలహా లభిస్తుంది. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం కలదు. కళాశాల కమిటీ పెద్దలు వారానికొక రోజైనా మానసిక వైద్య సలహాదారును రప్పిస్తే, తరగతికి రాలేక ఇంట ముఖం దాచుకున్న విద్యార్థి తిరిగి వచ్చే దారి ఏర్పడగలదు.