మన రక్తమే మనకు మందా?

రెక్కాడితేగాని డొక్కాడని విశాఖ రేవు కూలీకి మడమ వెనుక నొప్పి పట్టుకుంటే త్వరగా వదలదు. ఎందుకో తెలుసా? కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనానికి రక్తం తక్కువగా అందుతుంది.

గాయం మానడానికి నాంది పలికేవి రక్తఫలకికలు. ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 1,50,000 నుండి 4,50,000 వరకు ఉంటాయి. రోగి రక్తాన్నే తీసి యంత్రంలో గిరగిర తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. ఫలకికలు దట్టంగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి, నొప్పి ఉన్నచోట సూదితో ఎక్కిస్తారు. ఇదే పి.ఆర్.పి. చికిత్స.

ఆలోచన చక్కనిదే. మరి ఫలితం? బ్రిటన్‌లో ఇటువంటి మడమనొప్పి గల 240 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ప్లాస్మా ఎక్కించారు. రెండవ జట్టుకు చర్మం కింద ఉత్తసూది గుచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి చెప్పలేదు. ఆరు నెలలకు రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయని 2021లో వెల్లడైంది!

కనుక ఏ మందైనా పనిచేసిందని ఎవరైనా అంటే, "దేనితో పోల్చి చూశారు?" అని అడగండి.