ఏ రోజుకు ఏ పఠనం

క్రిస్మస్ నక్షత్రాలు ఇళ్ల ముందు ఇంకా వేలాడుతూనే ఉంటాయి. డిసెంబరు 26న హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో రాళ్ల దెబ్బలకు ప్రాణం విడిచిన స్తెఫాను ఘట్టం చదువుతారు. 28న చదివేది హేరోదు బెత్లెహేము పసిబిడ్డలను చంపించిన ఘట్టం. ఆ తేదీలు ఆదివారం పడితే తప్ప ఇందులో మార్పుండదు. పండుగ సంబరం మధ్య ఇలాంటి భాగాన్ని తనంతట తానుగా ఎంచుకునే ప్రసంగీకులు అరుదు. ఎంపిక వాళ్ల చేతిలో లేదు కాబట్టే అది జనం చెవిన పడుతోంది.

కతోలిక సభలోని లాటిన్ రీతిలో రోజువారీ పఠనాలకు ప్రపంచమంతటికీ ఒకే పట్టిక ఉంది. బైబిలును విశ్వాసులకు మరింత విరివిగా వినిపించాలని రెండవ వాటికన్ మహాసభ కోరడంతో 1969లో అది కొత్త రూపు దిద్దుకుంది. అంతకుముందు ఆదివారాలకు ఏటా అవే పఠనాలు. ఇప్పుడు మూడేళ్లకోసారి తిరిగొస్తాయి. ‘ఎ’ సంవత్సరం మత్తయిది, ‘బి’ మార్కుది, ‘సి’ లూకాది. యోహానుకు విడిగా ఏడాది లేదు. ఆ సువిశేషం తపస్సు కాలంలో, పాస్కా కాలంలో ఎక్కువగా వినిపిస్తుంది. మార్కు చిన్న పుస్తకం కాబట్టి ‘బి’ ఏట అయిదు ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయానికి ఇచ్చారు.

ఏది ఏ సంవత్సరమో ఎవరైనా లెక్కగట్టవచ్చు. మూడుతో భాగిస్తే శేషం లేని ఏడాది ‘సి’. 2025 అలాంటిది, కనుక 2026 ‘ఎ’. అయితే ఈ ఏడాది జనవరిలో మొదలవదు. ముందటి క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందే, ఆగమన కాలంతో మొదలవుతుంది.

ఫాదర్ డొమినిక్ బార్బెరో 1870లో పునాదిరాయి వేసిన గన్‌ఫౌండ్రీ కెథడ్రల్ 1875లో తెరుచుకుంది. అప్పట్లో పూజ లాటిన్‌లో జరిగేది. ఇప్పుడు తెలుగు పూజలో మొదటి పఠనం చదివేది సాధారణంగా జనంలోంచి లేచి వచ్చిన ఒకరు.

అక్కడికి దగ్గర్లోని అబిడ్స్ సెయింట్ జార్జి చర్చి 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. ఆ సంఘం పట్టిక వేరు. ప్రతి ఆదివారానికి ఒక అంశం, దానికి తగిన పాఠాలు. దాని మూలాల్లో ఒకటైన ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం 150 కీర్తనలనూ నెలకోసారి పూర్తిగా చదివించేది. అందులో 137వ కీర్తన చివర శత్రువుల పసిబిడ్డలపై పలికిన భయంకరమైన మాటలూ ఉన్నాయి. కతోలిక ఆదివారపు పట్టిక అదే కీర్తనను ఆరో వచనం దగ్గరే ఆపేస్తుంది. ఆ కోపాన్ని కూడా జనం వినవలసిందే. కష్టమైన భాగాలు తప్పించుకోకుండా చూడటమే పట్టికకున్న బలం కదా!

ప్రొటెస్టెంట్ సంఘాల వాడకానికి కతోలిక పట్టిక ఆధారంగా రూపొందిన ఉమ్మడి పట్టిక, సవరించిన రూపంలో, 1992లో వచ్చింది. అమెరికాలో మెథడిస్టులు, లూథరన్లు, ప్రెస్బిటేరియన్లు చాలామంది దాన్నే వాడుతున్నారు. అందుకే గన్‌ఫౌండ్రీలో ఒక తల్లి విన్న సువిశేషమే, చాలా ఆదివారాలు, అమెరికాలో అలాంటి చర్చికి వెళ్లే ఆమె కూతురికీ వినిపిస్తుంది.