పద్యంపై తిరగబడ్డ నెల్లూరు కుర్రాడు

ఇరవై ఏళ్లకే ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేసి తెలుగు కవిత్వాన్ని ఉలిక్కిపడేలా చేశాడు పఠాభి. వ్యాకరణాన్ని దండిస్తానన్న ఆ కవి, దాన్ని ఎంత తెలివిగా వాడుకున్నాడో గమనించినవాళ్లు తక్కువ.

1939 నాటికి భావకవిత్వపు మత్తు ఇంకా దిగలేదు. కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చి 14 ఏళ్లయినా వెన్నెలలకూ విరహాలకూ గిరాకీ తగ్గలేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు చాలావరకు రాసేసినా, అవి పుస్తకంగా రావడానికి 1950 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సందులో దూసుకొచ్చింది పఠాభి అనే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి పుస్తకం. పేరులో వీణ లేదు, ఫిడేలుంది. లెక్క ద్వాదశం కాదు, డజను. ముందుమాట శ్రీశ్రీది.

నెల్లూరులో పుట్టి శాంతినికేతన్‌లో చదివిన ఈ కుర్రాడు తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. పద్యానికీ, చిన్నయసూరి బాలవ్యాకరణానికీ శిక్ష తప్పదన్నాడు. ఇంగ్లీషు మాటలు చేతికందినన్ని దొంగిలిస్తానన్నాడు. భావకవిని కానంటూ, ఆ బిరుదుకే ముందు ‘అహం’ తగిలించి మెడలో వేసుకున్నాడు.

విరిచిన చోటే విశేషం

కవితగా చేసిన ఆ ప్రకటన ముగిసే తీరు చూడండి. ‘నేను’ అన్న మాట చరణం చివర సగానికి తెగుతుంది. మిగతా సగం ‘అహం’తో సంధి కలిసి కింది చరణంలోకి దిగుతుంది. వ్యాకరణంపై కత్తి దూసినవాడు ఆ వ్యాకరణం నేర్పిన సంధితోనే దెబ్బ కొట్టాడు. బాలవ్యాకరణం రాని వాడు చేయగల అల్లరి కాదిది.

మాట పాదం దాటిపోవడం తెలుగుకు కొత్తేమీ కాదు. నన్నయ నాటి నుంచీ వృత్తాల్లో ఉన్నదే. అయితే అక్కడ గణాలు నిండాయి కనుక పాదం ఆగుతుంది, మిగిలిన అక్షరాలు కిందికి జారతాయి. పఠాభికి గణాల నిర్బంధం లేదు. ఆపింది ఛందస్సు కాదు, కవి. అందుకే ఎక్కడ ఆపాడన్నది అర్థంలో భాగమైపోయింది. గొప్పలు పోతున్న ఆ ‘నేను’ సరిగ్గా గొప్పలు పోయే క్షణంలోనే రెండు ముక్కలవుతుంది. గొంతెత్తి చదివితే సంధి వాటిని అతికిస్తుంది. కంటితో చూస్తే చీలిక దొరుకుతుంది. చెవికి ఒక అర్థం, కంటికి ఇంకొకటి. పద్యం వినడానికే అలవాటుపడ్డ జాతికి అచ్చు పుటను చూడమన్నాడన్నమాట.

ప్రతి పుటలోనూ ఇంత పనితనం ఉందనలేం. కొన్నిచోట్ల బెదరగొట్టాలన్న సరదా తప్ప మరేం మిగలదు. ఇంగ్లీషు మాట కేవలం ఇంగ్లీషు కాబట్టే వచ్చి కూర్చుంటుంది.

వారసులు రాలేదు

శ్రీశ్రీ లయ సభలను ఊపేసింది. వచన కవితను ఉద్యమంగా నడిపిన కుందుర్తి, అది సామాన్యుడికి సూటిగా అందాలన్నాడు. ఈ రెండు దారుల మధ్య పఠాభి ఒంటరయ్యాడు. తర్వాత సినిమా వైపు మళ్లాడు. అనంతమూర్తి నవల ఆధారంగా ఆయన తీసిన ‘సంస్కార’ను మొదట సెన్సారు అడ్డుకుంది, విడుదలయ్యాక ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. ఆచారం చచ్చినా దాని కట్టుబాట్లు మనిషిని ఎలా పట్టుకుంటాయో చెప్పే కథ అది. ఛందస్సుతో తగువు పడ్డవాడికి ఆ కథ నచ్చడంలో వింత లేదు. అందులో చంద్రిగా నటించిన ఆయన భార్య స్నేహలత ఎమర్జెన్సీలో జైలుపాలై, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో కన్నుమూశారు. పఠాభి 2006లో బెంగళూరులో మరణించారు.

ఆయన దొంగిలించిన ఇంగ్లీషు మాటలు ఇవాళ అందరి సొత్తు, వాటికి ఎవరూ ఉలిక్కిపడరు. విరుపు సంగతే తేలలేదు. నేటి వచన కవితలో చరణాలు ఎక్కువగా ఊపిరి ఆగినచోటో, వాక్యం ముగిసినచోటో తెగుతాయి. ‘ఇక్కడే ఎందుకు విరిచావు?’ అని అడిగితే జవాబు చెప్పగల కవులెందరు? 1939లో ఆ ఇరవై ఏళ్లవాడి దగ్గర జవాబుంది.