ఇంటి పన్ను రసీదు ఉంది, మరి రికార్డు చూశారా?

మా మామయ్యగారు ఇంటి పన్ను కట్టడంలో ఒక్క ఏడాది కూడా ఆలస్యం చేయలేదు. ఏప్రిల్ వచ్చిందంటే మున్సిపల్ ఆఫీసు కౌంటర్ దగ్గర ముందు వరసలో ఆయనే ఉండేవారు. రసీదులన్నీ ఏడాది ప్రకారం పేర్చి, దారంతో కట్టి, బీరువాలో దస్తావేజుల పక్కనే పెట్టేవారు. ఆయన పోయాక కూడా ఆ అలవాటు తప్పకూడదని మేము ఆన్‌లైన్‌లో కడుతూ వచ్చాం. బ్యాంకు ఉద్యోగి ఇల్లు కదా, కాగితాలకేం లోటు అనుకున్నాం.

మా వారిది బదిలీల ఉద్యోగం. సొంత ఇల్లు కోస్తాలోని ఒక చిన్న మున్సిపాలిటీలో ఉంది. అందులో అత్తయ్యగారు ఒక్కరే ఉంటారు. రిటైరయ్యాక మేమూ అక్కడికే చేరాలని, పైన ఒక అంతస్తు వేయడానికి గృహరుణానికి దరఖాస్తు పెట్టాం. దస్తావేజులు, ఈసీ, ప్లాను, పన్ను రసీదు అన్నీ ఇచ్చాం. వారం తిరక్కుండానే ప్యానెల్ వకీలుగారి నుంచి కబురు వచ్చింది: “పన్ను రసీదు ఇంకా చనిపోయినవారి పేరు మీదే ఉంది. అందులో కొంత భాగం నివాసేతరం అని కూడా ఉంది. సంగతేమిటో చూడండి.”

అప్పుడు మొదటిసారి మా ఇంటి అసెస్‌మెంట్ వివరాలు తెరిచి చూశాం. మూడు తప్పులు కనిపించాయి. యజమాని పేరు మామయ్యగారిదే. వీధి వైపు గది వాణిజ్య వినియోగం కింద ఉంది. ఎప్పుడో ఒక దర్జీ అక్కడ కుట్టుమిషన్ పెట్టుకుని అద్దెకుండేవాడు. అతను ఖాళీ చేసి పదేళ్ళు దాటింది, ఆ సంగతి రికార్డుకు ఎవరూ చెప్పలేదు. ఇక ఫోన్ నంబరు ఎవరిదో మాకే తెలియదు. అంటే మున్సిపాలిటీ పంపే సందేశాలన్నీ ఇన్నాళ్ళూ ఆ తెలియని మనిషికే వెళ్తున్నాయి.

రసీదు డబ్బు కట్టామని చెబుతుంది. ఏ ఇంటికి, ఎంత విస్తీర్ణానికి, ఏ వాడకానికి, ఎవరి పేరున కట్టామో చెప్పేది రికార్డు. మేం మొదటిది భద్రంగా దాచుకుని రెండోది చూడలేదు. మనలాంటి బదిలీల కుటుంబాలన్నింటికీ పనికొస్తుందని, ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రికార్డు ఎక్కడ చూడాలి?

పన్ను లెక్కలో ప్రతి ఇంటికీ ఒక నంబరు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని అసెస్‌మెంట్ నంబరు అంటారు. హైదరాబాద్‌లో, తెలంగాణ పురపాలికల్లో పీటీఐఎన్ అంటారు. పాత రసీదు మీద ఇది తప్పకుండా ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన శాఖ వెబ్‌సైట్‌లో జిల్లా, ఊరు ఎంచుకుని ఈ నంబరు ఇస్తే వివరాలు వస్తాయి. నంబరు తెలియకపోతే పాత అసెస్‌మెంట్ నంబరుతో గానీ, యజమాని పేరుతో గానీ, డోర్ నంబరుతో గానీ వెతకవచ్చు. హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ సైట్‌లో ఇలాగే చూడవచ్చు. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు ముందూ వెనకా మార్చి, అక్షరాలు రెండు మూడు రకాలుగా ఇచ్చి చూడండి. మామయ్యగారి పేరు మాకు మూడో ప్రయత్నంలో గానీ దొరకలేదు.

ఆన్‌లైన్‌లో సాధారణంగా పేరు, డోర్ నంబరు, పన్ను, బకాయి కనిపిస్తాయి. గదుల వారీగా, అంతస్తుల వారీగా లెక్క కావాలంటే ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలోనో, మున్సిపల్ ఆఫీసు రెవెన్యూ విభాగంలోనో అడగాలి. ఇల్లు గ్రామంలో ఉంటే పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు ఉంటుంది.

పన్ను ఎలా లెక్కిస్తారు?

ఇది తెలిస్తే రికార్డులో ఏ మాట తప్పయితే మన జేబు మీద పడుతుందో అర్థమవుతుంది.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ పద్ధతి వచ్చింది. అంతకుముందు అద్దె విలువ మీద లెక్కించేవారు. ఇప్పుడు స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, దాని మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను వేయవచ్చు. ఆ పరిధిలో ఏ ఊరు ఏ రేటు పెట్టుకుందో స్థానికంగా తెలుసుకోవాలి. పాత పన్ను మీద ఒక్కసారిగా భారం పడకుండా ఏడాది పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. అందుకే మనం వేసుకున్న లెక్కకు, బిల్లులో మొత్తానికి తేడా కనిపించవచ్చు. 375 చదరపు అడుగుల లోపు సొంత నివాసానికి ఏడాదికి 50 రూపాయలే పన్ను.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంటిలో ఒక భాగం విలువ 5 లక్షలు అనుకుందాం. నివాస రేటు 0.12 శాతం అయితే ఏడాదికి 600 రూపాయలు. అదే భాగం నివాసేతరంగా నమోదై, రేటు 0.25 శాతం అయితే 1,250 రూపాయలు. ఒక్క ఏడాదికి చిన్న తేడాగానే అనిపిస్తుంది. ఖాళీ అయిన గదికి పదేళ్ళు కట్టినవాళ్ళకు దాని బరువు తెలుస్తుంది.

హైదరాబాద్‌లో లెక్క అద్దె విలువ మీద నడుస్తుంది. ప్లింత్ ఏరియాను ఆ ప్రాంతానికి చదరపు అడుగుకు నిర్ణయించిన నెల అద్దెతో గుణించి, దాన్నిబట్టి ఏడాది పన్ను వేస్తారు. నివాసాలకు అద్దె శ్లాబును బట్టి శాతం మారుతుంది. దాని మీద గ్రంథాలయ పన్ను కలుస్తుంది. కాబట్టి అక్కడ విస్తీర్ణం సరిగ్గా నమోదైందా అన్నది ముఖ్యం. మన ప్లానులోని విస్తీర్ణంతో దాన్ని పోల్చి చూసుకోవాలి.

చెన్నై, బెంగళూరు వంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న మన సిబ్బంది చాలామంది ఉన్నారు. అక్కడి లెక్కలు వేరు. బెంగళూరులో యజమానే స్వయంగా మదింపు వేసుకుని పన్ను కడతాడు, ఖాతా అనే నమోదు అక్కడ కీలకం. ఏ ఊరైనా కింద చెప్పిన అంశాలు మాత్రం చూసుకోవాల్సినవే.

ఏమేమి సరిచూడాలి?

పేరు: దస్తావేజులో ఉన్న పేరూ, రికార్డులో పేరూ ఒకటేనా? కొనుక్కున్న ఇల్లయితే పాత యజమాని పేరు మారిందా? ఇప్పుడు రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మార్పిడి జరిగే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అయినా మారిందో లేదో చూడటం మన పనే. పాత దస్తావేజులకు, వారసత్వంగా వచ్చిన ఇళ్ళకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

విస్తీర్ణం, అంతస్తులు: కట్టినంతే ఉందా, ఎక్కువ ఉందా, తక్కువ ఉందా? తక్కువ ఉంటే లాభమే కదా అనుకోకండి. తనిఖీలో బయటపడితే వెనకటి పన్ను కూడా కట్టాల్సి రావచ్చు. అనుమతి లేని అంతస్తుకు పన్ను వేస్తే జరిమానా కూడా కలుస్తుంది. ఆ పన్ను కట్టినంత మాత్రాన అంతస్తు సక్రమం అయిపోదు.

వాడకం: ఇంట్లో ఏదైనా గది దుకాణంగానో, ట్యూషన్ సెంటర్‌గానో, క్లినిక్‌గానో నమోదైందా? ఇప్పటికీ అలాగే నడుస్తోందా?

బకాయి: ఆస్తి పన్ను బకాయి మనిషిని కాదు, ఆస్తిని పట్టుకుని ఉంటుంది. పాత యజమాని కట్టనిది కొన్నవారి నెత్తిన పడుతుంది. ఆలస్యానికి నెలకు 2 శాతం చొప్పున వడ్డీ కలుస్తూ పోతుంది.

రెండో నంబరు: ఇల్లు కట్టకముందు ఆ స్థలానికి ఖాళీ స్థలం పన్ను కింద ఒక నంబరు ఉండి ఉండవచ్చు. ఇల్లు కట్టాక దాన్ని మూయించకపోతే అక్కడ బకాయి పెరుగుతూనే ఉంటుంది. ఫ్లాట్ కొన్నవారు తమ ఫ్లాటుకు విడిగా నంబరు వచ్చిందా, మొత్తం భవనం ఇంకా బిల్డర్ పేరు మీదే ఉందా చూసుకోవాలి.

ఫోన్ నంబరు: ఊళ్ళో ఉండని మనకు నోటీసు చేరే దారి ఇదొక్కటే. మన నంబరు నమోదు చేయించుకోవాలి.

తప్పు కనిపిస్తే

ముందు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నంబరు తీసుకోండి. పన్ను పెంచుతూ నోటీసు వస్తే అభ్యంతరం తెలిపే గడువు అందులోనే ఉంటుంది, ఆ తేదీ దాటనివ్వకండి. వివాదం నడుస్తోంది కదా అని పన్ను ఆపేస్తే వడ్డీ మన మీదే పడుతుంది.

మా గది విషయంలో సచివాలయం ఉద్యోగి వచ్చి టేపుతో కొలిచారు. అత్తయ్యగారు తలుపు తీసి చూపించి, “ఇక్కడ బియ్యం డబ్బాలు తప్ప ఏమున్నాయి నాయనా?” అన్నారు. ఆయన నవ్వి, “ఈ ముక్క అప్పుడే చెప్పాల్సింది కదమ్మా” అన్నారు. ఆయన అన్నదీ నిజమే. తరువాతి అర్ధ సంవత్సరం నుంచి ఆ గది నివాసంగా మారింది. అప్పటిదాకా కట్టింది మాత్రం కట్టినట్టే.

పేరు మార్పిడికి ఎక్కువ సమయం పట్టింది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. పెద్ద ఆడపడుచు సంతకం మరునాడే వచ్చింది. చిన్నామె అమెరికాలో ఉంటుంది. ఆమె అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి కాగితం పంపేసరికి రెండు నెలలు దాటింది. ఈలోగా వర్షాలు మొదలయ్యాయి. మేస్త్రీ వేరే పని ఒప్పుకున్నాడు. వేసవిలో పడాల్సిన శ్లాబు దీపావళి తరువాత పడింది.

రెండు మాటలు మరచిపోవద్దు

ఒకటి, పన్ను రికార్డులో పేరున్నంత మాత్రాన ఆస్తి మీద హక్కు రాదు. మ్యుటేషన్ పన్ను వసూలు కోసం చేసే నమోదు మాత్రమేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. హక్కుకు ఆధారం రిజిస్టరైన దస్తావేజు, వీలునామా, వారసత్వం. కాబట్టి అన్నదమ్ముల్లో ఒకరి పేరు పన్ను రికార్డులో ఎక్కిందని మిగతావారు భయపడనక్కరలేదు, ఎక్కినవారు ధీమా పడనూ కూడదు.

రెండు, ఇల్లు అద్దెకిచ్చినవారు ఆ ఏడాది యజమానిగా తాము నిజంగా కట్టిన మున్సిపల్ పన్నును ఆదాయపు పన్ను లెక్కలో అద్దె ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. బాకీ పెట్టినదానికి, అద్దెకున్నవారు కట్టినదానికి అది వర్తించదు. అందుకే రసీదు మన చేతికి రావాలి.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే హైదరాబాద్‌లోనూ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోనూ 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. ఆ ఏటి ప్రకటన చూసుకుని కట్టండి. కట్టేముందు ఒక్క పది నిమిషాలు ఆ వివరాల పేజీ పూర్తిగా చదవండి. దస్తావేజు పక్కన పెట్టుకుని పేరు, డోర్ నంబరు, విస్తీర్ణం, వాడకం, బకాయి, ఫోన్ నంబరు ఒక్కొక్కటే సరిచూడండి. ఊళ్ళో అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటే వారి ఇంటి రికార్డు కూడా చూసి పెట్టండి. పెద్దవాళ్ళు బాగున్నప్పుడే అడిగితే ఏ గది ఎప్పుడు కట్టారో, ఎవరికి అద్దెకిచ్చారో వాళ్ళే చెబుతారు. మేం ఆ దర్జీ గది సంగతి తెలుసుకోవడానికి పక్కింటివాళ్ళను అడగాల్సి వచ్చింది.

మామయ్యగారి రసీదుల కట్ట ఇప్పటికీ బీరువాలోనే ఉంది. దాని పైన ఇప్పుడు ఇంకో కాగితం చేరింది. ప్రతి ఏప్రిల్‌లో అసెస్‌మెంట్ వివరాలు ప్రింటు తీసి, సరిచూసిన తేదీ వేసి, అత్తయ్యగారి చేత సంతకం పెట్టించి అక్కడే ఉంచుతున్నాం.