ఎర్రచందనపు మొక్కకు ఎరువెంత?

తడనుండి తూర్పుకు పోయినచో పులికాట్ సరస్సు, ఉప్పునేల. పడమటకు పోయినచో కొండలు. ఆ దిక్కుననే ఇంకను ముందుకు సాగిన శేషాచలము వచ్చును. తూర్పు కనుమల దక్షిణ భాగమునకే పరిమితమైన ఎర్రచందనమునకు అది పుట్టినిల్లు. రాతినేల, నెలల తరబడి ఎండ. అట్టి చోట బ్రతుకవలసిన చెట్టును మనము నర్సరీలో పాలిథీన్ సంచిలో పెంచి, ఎరువు వేయుచున్నాము. ఎంత వేయవలెను?

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. ఒక గ్రాము వేసినచో 460 మిల్లీగ్రాముల నత్రజని ఆ చిన్న సంచిలో చేరినదన్నమాట. కొన్ని వారములలో ఆకులు ముదురుపచ్చగా మారును, కాండము సాగును. చూచుటకు ముచ్చటగానే ఉండును. కాని నీరు, ఆహారము చెంతనే దొరకుచుండగా మొక్క వేళ్ళను పెంచుటకు తొందరపడదు. పైన గుబురు, క్రింద చాలీచాలని వేళ్ళు! కొండమీద నాటిన తరువాత పదిహేను దినములు వాన లేకపోయినచో, ఆకులు ఆవిరిగా విడుచునంత నీటిని ఆ వేళ్ళు తోడలేవు. నర్సరీలో అన్నిటికన్న పొడుగైన మొక్కయే అక్కడ ముందుగా ఎండిపోవచ్చును. నర్సరీవారిని అని లాభము లేదు. కొనువారు ఎత్తునే చూతురు గదా.

ఇంకొక సంగతి. ఎర్రచందనము చిక్కుడు కుటుంబమునకు చెందినది. దాని వేళ్ళ బుడిపెలలో ఉండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చి, బదులుగా చక్కెర పుచ్చుకొనును. బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగు ఉన్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. మన రక్తములోని హీమోగ్లోబిన్‌కు దగ్గర చుట్టమైన పదార్థమే ఆ రంగునకు కారణము. మట్టిలో యూరియా సమృద్ధిగా ఉన్నచో మొక్క ఈ బేరము మానుకొనును, బుడిపెలు తగ్గిపోవును.

భాస్వరము తీరు వేరు. వేళ్ళకు, బుడిపెలకు అది తప్పనిసరి. అయితే ఎర్రమన్నులోని ఇనుము, అల్యూమినియం దానిని కదలనీయక పట్టి ఉంచును. కనుక సూపర్ ఫాస్ఫేటును పైన చల్లుటకంటె, సంచి నింపునపుడే పశువుల ఎరువుతో కలుపుట మేలు.

ఉపాధ్యాయులు దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. నలభై సంచులను నాలుగు వరుసలు చేయుడు: ఒకదానికి ఏమియు వేయక, ఒకదానికి యూరియా, ఒకదానికి సూపర్ ఫాస్ఫేటు, మరియొకదానికి రెండును. మొలచిన నాలుగు నెలలకు వరుసకు మూడేసి మొక్కలను జాగ్రత్తగా కడిగి, బుడిపెలను లెక్కించి, కాండమును, వేళ్ళను విడివిడిగా ఎండబెట్టి తూచుడు. మిగిలిన మొక్కలకు నీరు ఆపి, ఏ వరుస ముందు వాడునో తేదీతో సహా వ్రాసికొనుడు. ఆకులు వ్రేలాడగానే మరల నీరు పోయుట మరువవద్దు. ఆ మొక్కలను నాటవలసియున్నది.