18 అంగుళాల గోడలో అంగుళం కన్నం

తమిళనాడులోని గుమ్మిడిపూండిలో మా ఇంటి గోడ మందం 18 అంగుళాలు. చిన్నప్పుడు కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చదువుకునేదాన్ని. అంతా ఎర్రటి ఇటుక, డంగుసున్నం. సిమెంటు ఎక్కడా లేదు. పడమటి గదిలో అటక కింద ఒక పాత కన్నం ఉంది. ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో పింగాణీ గొట్టం పెట్టి అందులోంచి తీగ లోపలికి తెచ్చారట.

అమ్మకి 78 ఏళ్లు. మే నెల ఉక్కకి తట్టుకోలేకపోతోందని ఏసీ పెట్టించాలనుకున్నాం. తొడుగులున్న రెండు రాగి గొట్టాలు, వైరు, నీళ్లు పోయే పైపు కలిసి దూరాలంటే రెండున్నర అంగుళాల కన్నం కావాలి. ఉన్నదాన్నే పెద్దది చేస్తే పని తేలికనుకున్నాను.

ఏసీ బిగించడానికి వచ్చిన అబ్బాయి మెషిన్‌కి కోర్ బిట్ తగిలించాడు. అంచుకి పళ్లున్న గిన్నెలాంటిది. దాని నడుమ సన్నటి బిట్ ఒకటుంటుంది. అది ముందు గోడలో దిగితేనే గిన్నె కదలకుండా తిరుగుతుంది. కానీ నడుమ ఉన్నది ఖాళీ! సన్న బిట్ గాలిలో తిరిగింది, గిన్నె గోడ మీద జారి గీతలు పెట్టింది. అతను సుత్తి దెబ్బలు పడేలా మెషిన్ మార్చి గట్టిగా నొక్కాడు. అవతల అమ్మ మంచం పక్కన పళ్లెమంత గచ్చు ఊడిపడింది. ఇక చాలు, ఆపమన్నాను.

మర్నాడు మేస్త్రి తాతకి కబురు పెట్టాను. ఆయన ఊడిన చోటు వేలితో గీకి, రాలిన పొడిని అరచేతిలోకి తీసుకుని చూపించాడు. తెల్లటి సున్నంలో గోరంత గవ్వ ముక్క మెరిసింది.

“చూడు పాపా, పళవేర్కాడు గుల్ల. బాగా కాలని ముక్క అట్లే ఉండిపోయింది.”

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడు మాకు దగ్గరే. మా వైపు పాత ఇళ్లకి ఆ గుల్లలు కాల్చిన సున్నమే ప్రాణం. గుల్లని బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన సున్నాన్ని నీళ్లలో విరిచి, ఇసుకతో డంగులో నూరి గోడకి వాడితే, అది గాలిలోంచి అదే వాయువును మెల్లగా వెనక్కి తీసుకుని మళ్లీ గట్టిపడుతుంది. అయినా సిమెంటంత మొండిది కాదు. దెబ్బ పడితే ముందు పట్టు వదిలేది ఇటుకల మధ్య ఉన్న సున్నమే. అందుకే ఇలాంటి గోడ దగ్గర మెషిన్‌ని తిప్పాలే గానీ దెబ్బ కొట్టనివ్వకూడదు.

తాత మొదట పింగాణీ గొట్టం ఊడలాగి, కన్నంలో సన్నటి ఇనుప చువ్వ దూర్చాడు. కిటికీలోంచి నీళ్ల ట్యూబు లాగి రెండు వైపులా మట్టం చూశాడు. పాత కన్నం బయటి కొస పావు అంగుళం ఎత్తుగా ఉంది. అలాగే వదిలితే వాననీళ్లు ఇంట్లోకే వస్తాయి. లోపల కన్నం నడిమికి కాస్త పైన, బయట కాస్త కింద గురుతు పెట్టి రెండున్నర అంగుళాల సున్నాలు గీశాడు. దాంతో కొత్త కన్నం పాతదాన్ని మింగుతూనే బయటికి అర అంగుళం వాలింది. ఆ లెక్క ఆయన కాగితం లేకుండా వేశాడు. నేను పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తర్వాత మామిడి కర్రను కొస సన్నగా చెక్కి, రెండు వైపులా కన్నంలో బిగించాడు. ఇప్పుడు సన్న బిట్‌కి పట్టు దొరికింది. సుత్తి మోడ్ తీసేసి, బయటి నుంచి సగం, లోపలి నుంచి సగం. ఒకే వైపు నుంచి తోసుకుంటూ పోతే బిట్ అవతలికి వచ్చే చోట గచ్చు పెళ్లగా లేస్తుంది. బిట్ దిగినంత మేరా మధ్యలో నిలిచిన ఇటుకను ఉలితో విరిచి బయటికి లాగడం, మళ్లీ బిట్ పెట్టడం. నీళ్లు చిలకరిస్తూ, ముక్కుకి మాస్కు కట్టుకుని రెండు గంటలు పట్టింది. ఇటుక దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. మాస్కు వద్దన్నవాళ్ల మాట వినకండి.

కోర్ బిట్ లేకపోతే గీసిన సున్నా చుట్టూ గడియారంలో అంకెల్లా చిన్న చిల్లులు వేసి, మధ్య మిగిలింది ఉలితో తీసేయొచ్చు. ఇంత చిన్న కన్నమైతే పై ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. కిటికీ అంత తెరవాలంటే మాత్రం ముందు గోడకి ఊతం, ఆపైన లింటెల్. అది ఇంజినీరు చూడాల్సిన పని.

కన్నంలో పీవీసీ గొట్టం పెట్టి చుట్టూ సందుల్లో సిమెంటు కూరబోయాను. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దు పాపా. సిమెంటు తడిని ఊరనివ్వదు. పక్కన ఇటుక తాగి తాగి ఉప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంది.”

సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి తడిపిన గోడకి పొరలు పొరలుగా అద్దాడు. వారం రోజులు తడిగోనె కప్పి ఉంచమన్నాడు.

ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానలు నాలుగు రోజులు వదలకుండా కొట్టాయి. ఐదో రోజు పొద్దున మంచం ఎక్కి కన్నం కింద అరచెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది. అమ్మ ఆ పింగాణీ గొట్టాన్ని కడిగి, పూజగూట్లో అగరవత్తుల కట్ట పెట్టడానికి వాడుకుంటోంది.